నలభై నాలుగో నంబరు దారిలో ఎక్కడ ఆగాలి?

బెంగళూరు నుంచి హైదరాబాదు వెళ్ళడానికి కారు అక్కర్లేదు. విమానమెక్కితే గంటంపావు. 2023 సెప్టెంబరు 24న మొదలైన కాచిగూడ-యశ్వంతపూర్ వందేభారత్ అయితే ఎనిమిదిన్నర గంటలు. మడివాళలోనో మారతహళ్ళిలోనో రాత్రి భోజనం చేసి స్లీపర్ బస్సెక్కితే, మెలకువ వచ్చేసరికి శంషాబాద్ దాటుతుంటుంది. ఇన్ని ఉండగా సుమారు 570 కిలోమీటర్లు స్టీరింగు పట్టుకుని కూర్చోవడం దేనికి? పిల్లలు, సామాను, పెద్దవాళ్ళ మోకాళ్ళ నొప్పులు, పండగ రోజుల్లో కొండెక్కే బస్సు చార్జీలు అన్నీ నిజమైన కారణాలే. అయినా కారుకు మాత్రమే ఉన్న వీలు ఒకటుంది. అనుకున్న చోట ఆగొచ్చు, మళ్ళీ ఎప్పుడు కదలాలన్నది మన చేతిలోనే ఉంటుంది. ఆ వీలును వాడుకోకపోతే మిగిలేది పదిగంటల డ్రైవరు ఉద్యోగం, అదీ జీతం లేకుండా.

బెంగళూరులోని తెలుగువాళ్ళలో చాలామంది దాన్ని వాడుకోరు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు ముగించుకుని, సామాను సర్దుకుని, హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర నలిగి, దేవనహళ్ళి దాటేసరికే రాత్రి తొమ్మిదో పదో అవుతుంది. రాత్రంతా నడిపితే శనివారం పగలు మిగులుతుందని లెక్క. నిజానికి ఆ పగలు నిద్రకే పోతుంది. ఈ లెక్కకు మరో పక్క ఉంది, అది మాట్లాడుకోవడానికి ఎవరికీ ఇష్టం ఉండదు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న ప్రైవేటు బస్సు పాలమూరు జిల్లా పాలెం దగ్గర మంటల్లో చిక్కుకుంటే 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న ఇదే దారిలో కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద మరో బస్సు తగలబడింది. అదీ తెల్లవారుజామునే. బస్సుల భద్రత వేరే చర్చ. కానీ మూడు గంటలకూ అయిదు గంటలకూ మధ్య ఈ రోడ్డు ఎలాంటిదో లారీ డ్రైవర్లకు తెలుసు. దారిపక్కన బండి ఆపి ఓ కునుకు తీస్తారు. కారువాళ్ళు కిటికీ దించి, పాటల సౌండు పెంచి, ఇంకో అరవై కిలోమీటర్లు లాగుతారు.

కాబట్టి దారిలో ఎక్కడ ఆగాలన్నది సరదా ప్రశ్న ఒక్కటే కాదు.

పూర్వం ఈ ప్రశ్నను మనవాళ్ళు చాలా సీరియస్‌గానే తీసుకున్నారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇంటికి చేరాడు. ఆయన రాసిన 'కాశీయాత్ర చరిత్ర'లో క్షేత్ర మహిమల కన్నా మజిలీల వివరాలే ఇప్పుడు ఆసక్తిగా అనిపిస్తాయి. ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, నీళ్ళ వసతి ఎలా ఉంది, దిగడానికి చోటుందా, రాబోయే దారి రాళ్ళదా ఇసుకదా అని ఊరూరా రాసిపెట్టాడు. తన తర్వాత వచ్చేవాళ్ళు ఇబ్బంది పడకూడదని ఆయన ఉద్దేశం. ఫోన్లో మ్యాపు తెరిస్తే ఇవాళ కనిపించే చుక్కల రేటింగులు చేస్తున్న పని అదే. తేడా ఏమిటంటే, ఆ చుక్కలు ఒక్కో చోటును విడిగా తూస్తాయి. ప్రయాణం మొత్తంలో అది ఎక్కడ ఇముడుతుందో చెప్పవు. అయిదు చుక్కల గండికోటకు మిట్టమధ్యాహ్నం ఎండలో చేరి, నలభై నిమిషాల్లో ఫొటోలు దిగి, మళ్ళీ వచ్చిన దారినే హైవే పట్టడం చుక్కల్ని నమ్ముకున్నవాళ్ళు చేసే పనే.

చోటును ఎంచుకోవడానికి రెండు కొలతలు చాలు. అక్కణ్ణుంచి ముందుకు దారి ఉందా అన్నది ఒకటి. హైవే దిగి వెళ్ళి, చూసి, వెనక్కొచ్చి అదే మలుపులో ఎక్కాలంటే ఇరవై కిలోమీటర్లు నలభై అవుతాయి, ఇంట్లోవాళ్ళ ఓపిక సగమవుతుంది. ఒకచోట దిగి ఇంకోచోట ఎక్కగలిగితే అదే దూరం ప్రయాణంలో భాగమైపోతుంది. ఏ వేళకు చేరతామన్నది రెండో కొలత. గుళ్ళు మధ్యాహ్నం తలుపులేస్తాయి, కోటలు మధ్యాహ్నం కాల్చేస్తాయి, గుహలు చీకటి పడేలోపే మూసేస్తారు.

ఈ రెండు కొలతలతో పాత ఏడో నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారిని బెంగళూరు వైపు నుంచి చూసుకుంటూ పోతే, మొదట తగిలేది నంది కొండ. 1,478 మీటర్ల ఎత్తు, మంచు, సూర్యోదయం. బెంగళూరువాళ్ళకు ఇది ఆదివారం పొద్దున పని. దూరప్రయాణం మొదట్లోనే అక్కడి పార్కింగు క్యూలో నిలబడటం తెలివైన పని కాదు. 2023 జనవరిలో చిక్కబళ్ళాపురం దగ్గర 112 అడుగుల ఆదియోగి విగ్రహం వచ్చాక శని, ఆదివారాల్లో ఈ దిక్కున రద్దీ మరీ పెరిగింది. కొండ ఎక్కకుండా కింద నంది గ్రామంలో ఉన్న భోగనందీశ్వరాలయంలో ఆగడం మేలు. తొమ్మిదో శతాబ్ది నాటి పునాదులున్న గుడి, మెట్ల కోనేరు, పొద్దున ఏడింటికి దాదాపు ఎవరూ ఉండరు.

దానికి దగ్గర్లోనే ముద్దేనహళ్ళి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు, ఆయన సమాధి కూడా అక్కడే. ఇంటిపేరులోని మోక్షగుండం ఉమ్మడి ప్రకాశం జిల్లాలోది. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తాక నిజాం ప్రభుత్వం పిలిపించుకున్న ఇంజనీరు ఈయనే. ఆయన పథకం మీదే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఈ ప్రయాణం చివర్లో ఔటర్ రింగురోడ్డు మీద గచ్చిబౌలి వైపు తిరిగేవాళ్ళకు హిమాయత్‌సాగర్ పక్కనే కనిపిస్తుంది. పిల్లలకు ఇక్కడ ఈ ముక్క చెప్పి ఉంచితే అక్కడ ఆ నీళ్ళను గుర్తుపడతారు. ఇలాంటి లంకెలు దొరికితే ఎంత పొడుగు దారైనా విసుగనిపించదు.

బాగేపల్లి కర్ణాటకలో చివరి పట్టణం. బోర్డులు కన్నడంలో, బజారు మాటలు తెలుగులో. పెట్రోలు ధర ఆంధ్రలో కంటే కర్ణాటకలో తక్కువ కాబట్టి తెలిసినవాళ్ళు ట్యాంకు ఇక్కడే నింపుతారు. తర్వాత కొడికొండ చెక్‌పోస్టు. ఎడమకు తిరిగితే సుమారు పదిహేను కిలోమీటర్లలో లేపాక్షి.

లేపాక్షికి ఎవరూ సరిపడా సమయం ఇవ్వరు. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి ఇటు నుంచి అటు లాగడం, పెద్ద నంది ముందు ఫొటో, అయిపోయింది. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు ఉన్న ఆ ఏకశిలా నంది గొప్పదే. కానీ లేపాక్షి అసలు సంపద తలెత్తి చూడాల్సిన చోట ఉంది. ముఖమండపం కప్పు నిండా విజయనగర కాలపు చిత్రాలు. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, రాజుల వరసలు, వాళ్ళ తలల మీది పొడుగు కుళ్ళాయిలు, స్త్రీల చీరల అంచులు. పదహారో శతాబ్దిలో తెలుగు, కన్నడ సీమల్లో మనుషులు ఏం కట్టుకునేవారో తెలుసుకోవడానికి ఇంత రంగుల సాక్ష్యం మరోచోట దొరకడం కష్టం. అచ్యుతదేవరాయల కాలంలో ఈ గుడి కట్టించిన విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కూడా ఆ బొమ్మల్లో ఉన్నారు. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడన్న నింద మీద రాజు కళ్ళు తీయించమంటే, విరుపణ్ణ తానే కళ్ళు పెరికి గోడకు విసిరాడని స్థానికులు చెబుతారు, గోడ మీద ఎర్రటి మరకలు చూపిస్తారు. కథ నిజమో కాదో గానీ, వెనక కల్యాణమండపం మాత్రం ఈనాటికీ అసంపూర్తిగానే నిలబడి ఉంది. స్తంభాలున్నాయి, కప్పు లేదు. అక్కడే, కప్పు లేని ఎండలో, లతామండపం స్తంభాల మీద ఒకదానితో ఒకటి పోలని డిజైన్లు చెక్కి ఉంటాయి. చీరల నేతగాళ్ళు, అద్దకంవాళ్ళు ఇప్పటికీ ఆ నమూనాలు తీసుకుంటారు. 2022లో ఈ ఆలయం యునెస్కో తాత్కాలిక జాబితాలోకి వెళ్ళింది. గంటన్నర కన్నా తక్కువ కేటాయించేవాళ్ళు ఈసారికి వదిలేసి, మరోసారి రావడం మంచిది.

లేపాక్షి మొదటి కొలతలోనూ నెగ్గుతుంది. వెనక్కి కొడికొండ రానక్కర్లేదు. హిందూపురం, సోమందేపల్లి మీదుగా పెనుకొండ దగ్గర హైవే ఎక్కొచ్చు.

1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత, హంపీ పాడుబడితే తిరుమలరాయలు రాజధానిని తెచ్చుకున్నది ఈ పెనుకొండకే. గగన్‌మహల్, కొండ మీద కోట, బాబయ్య దర్గా ఉన్నాయి. అదే కొండల ఎదుట ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఓడిపోయిన సామ్రాజ్యపు రాజధానినీ కొరియా కార్ల ఫ్యాక్టరీనీ ఒకే చూపులో చూడగలిగే చోటు దేశంలో ఇంకెక్కడా ఉండకపోవచ్చు. అయితే కొండ ఎక్కే ఓపిక లేనివాళ్ళకు పెనుకొండలో అరగంట చాలు.

ఇక్కణ్ణుంచి తూర్పుకు తిరిగితే పుట్టపర్తి, ఇంకా లోపలికి పోతే కదిరి, ఆపైన తిమ్మమ్మ మర్రిమాను. ప్రపంచంలోకెల్లా పెద్ద మర్రిచెట్టుగా 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కిన ఈ మాను చూడాల్సిందే. కానీ హైదరాబాదు పోయేవాళ్ళకు అది దారి కాదు, దారి తప్పడం. ధర్మవరం, దాని పక్కన నిమ్మలకుంట విషయం వేరు. పట్టుచీరల ధర్మవరం అందరికీ తెలుసు. నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆడించడం తగ్గిపోయాక అదే తోలుతో దీపాల తొడుగులు, గోడబొమ్మలు చేసి బతుకుతున్నారు. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. హైవే పక్క దుకాణంలో ఏ ఊరిదో తెలియని బొమ్మ కొనే కన్నా ఇక్కడ చేసినవాళ్ళ చేతుల మీదుగా కొనుక్కోవడం నయం.

అనంతపురం చేరేసరికి సుమారు 215 కిలోమీటర్లు. పొద్దున అయిదింటికి బెంగళూరు వదిలి, నందిలోనూ లేపాక్షిలోనూ ఆగినవాళ్ళకు ఇక్కడికి మధ్యాహ్న భోజనం వేళవుతుంది. రాగిసంకటి, నాటుకోడి పులుసు, ఓళిగలు. తినండి, కానీ సంకటి తిన్నాక వెంటనే స్టీరింగు పట్టకండి.

నిర్ణయం తీసుకోవాల్సింది కూడా అనంతపురంలోనే. నేరుగా ఉత్తరానికి పోతే గుత్తి, డోన్, కర్నూలు. కుడికి తిరిగితే తాడిపత్రి, బెలుం, బనగానపల్లె మీదుగా చుట్టు తిరిగి మళ్ళీ కర్నూలు. రాత్రి బస పెట్టుకున్నవాళ్ళకు ఈ రెండోదే దారి.

నేరుగా పోయేవాళ్ళకు గుత్తి కోట హైవే నుంచే కనిపిస్తుంది. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే చేతి నుంచి 1776లో హైదర్ అలీ పట్టుకున్న కోట. పైదాకా ఎక్కడానికి గంటకు పైగా పడుతుంది, నీడ లేదు. ఎక్కలేనివాళ్ళకు కింద ఆంగ్లేయుల శ్మశానం ఉంది. దత్తమండలాలకు కలెక్టరుగా, ఆ తర్వాత మద్రాసు గవర్నరుగా పనిచేసిన థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట పాతిపెట్టింది ఇక్కడే. తర్వాత అవశేషాలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. రాయలసీమలో మన్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకునేంత అభిమానం సంపాదించుకున్న తెల్లదొర ఇంకొకడు లేడు.

చుట్టుదారిలో మొదటిది తాడిపత్రి. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం, ఊళ్ళో చింతల వెంకటరమణస్వామి గుడి. శిల్పం ఇష్టమైనవాళ్ళు లేపాక్షి తర్వాత ఇది చూస్తే, రాతిలో ఇంత సన్నని పని ఇంకా మిగిలి ఉందా అనుకుంటారు. అక్కణ్ణుంచి ముప్పై కిలోమీటర్లలో బెలుం గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. అయినా వంద సంవత్సరాల పాటు ఎవరూ పట్టించుకోలేదు. 1982 నుంచి 1984 దాకా డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపల కొలతలు తీసింది. 2002లో పర్యాటకులకు తెరిచారు. మొత్తం 3,229 మీటర్లు, అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు నడవొచ్చు. మైదాన ప్రాంతంలో మన దేశంలో ఇంత పొడవైన గుహ వేరే లేదు. లోపల ఉక్కపోత, కొన్ని చోట్ల వంగి నడవాలి. ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్ళు బయటే కూర్చోవడం మంచిది. పిల్లలకు మాత్రం దారి మొత్తంలో ఇదే గుర్తుండిపోతుంది, ఏ గుడీ దీనికి పోటీ రాదు.

గండికోట సంగతి తేల్చాలి. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన లోయ, పెమ్మసాని నాయకుల కోట, మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం. అందానికి లోటు లేదు. కానీ అది పొద్దుపొడుపు, పొద్దుగుంకుల చోటు. పర్యాటకశాఖ హరిత హోటల్లో రాత్రి బస దొరికితేనే వెళ్ళాలి. దొరకకపోతే దాన్ని వదిలేసి, బెలుం నుంచి బనగానపల్లె మీదుగా యాగంటి చూసుకుని, ఓర్వకల్లు దగ్గర రాతివనాల్లో కాసేపు నిలబడి కర్నూలు చేరడమే సుఖం. యాగంటిలో నంది పెరుగుతోందని నమ్మకం. పెరిగినా పెరగకపోయినా కొండలోంచి కోనేట్లోకి వచ్చే నీళ్ళు ఎండాకాలంలోనూ చల్లగా ఉంటాయి.

కర్నూల్లో రాత్రి పడుకోండి. 1953 అక్టోబరు నుంచి 1956 అక్టోబరు దాకా ఆంధ్రరాష్ట్ర రాజధానిగా ఉన్న ఊరు. కొండారెడ్డి బురుజు మధ్యలో నిలబడి ఉంటుంది. పొద్దున ఉగ్గాని, బజ్జీ తినకుండా వదిలితే ఆ రాత్రి బస వృథా.

తుంగభద్ర దాటితే తెలంగాణ. అలంపూర్ చౌరస్తా దగ్గర కుడికి తిరగాలి. నిజం చెప్పాలంటే ఈ దారిలో అన్నిటికన్నా తక్కువ మంది చూసేదీ, అన్నిటికన్నా పాతదీ అలంపురమే. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు. పేరు బ్రహ్మది, లోపల ఉన్నది శివుడు. ఉత్తరాది పద్ధతిలో వంపు తిరిగిన శిఖరాలు తెలుగునేల మీద ఇన్ని ఒకచోట మరెక్కడా లేవు. పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఒకటైన జోగులాంబ గుడిని 2005లో కొత్తగా కట్టారు. భక్తులు నేరుగా అక్కడికే వెళ్ళి తిరిగొస్తారు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోనున్న కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి ఈ ఊళ్ళోనే మళ్ళీ నిలబెట్టారు. దాన్ని చూసేవాళ్ళు మరీ తక్కువ. పొద్దున ఎనిమిదిన్నరకు కర్నూలు వదిలితే గుళ్ళు మూసేలోపు అన్నీ తీరిగ్గా చూడొచ్చు. మధ్యాహ్నానికి బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా సాయంత్రం హైదరాబాదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కోసం పక్కకు తిరగాలా అంటే, తిమ్మమ్మ మర్రిమాను చూడనివాళ్ళకు తిరగొచ్చు. 2018లో చెదలు పట్టిన పిల్లలమర్రికి సెలైన్ సీసాల్లో మందు ఎక్కించి బతికించుకున్నారు.

హైదరాబాదు కాక తిరుపతి పోయేవాళ్ళకు కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు దారి. దూరం తక్కువ, కాబట్టి ఒక్క చోటు చాలు. కాణిపాకం కన్నా చంద్రగిరికి ఓటు వేయొచ్చు. పెనుకొండ తర్వాత విజయనగర రాజులు చేరింది అక్కడికే. కడప దిక్కుగా పోయేవాళ్ళకు మదనపల్లె తగులుతుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు జనగణమనను ఇంగ్లీషు చేసింది అక్కడి బిసెంట్ థియొసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడే. దగ్గర్లో హార్స్‌లీ కొండ, 1,265 మీటర్లు, వేసవిలో రాత్రి బసకు మంచిది. కొడికొండ నుంచి కోస్తా దిశగా కొత్త బెంగళూరు-విజయవాడ రహదారి తయారవుతోంది. ఊళ్ళను తప్పించుకుంటూ పోయే రోడ్డు అది. వేగం వస్తుంది, మజిలీలు పోతాయి. ఆ రోడ్డెక్కేవాళ్ళు ఎక్కడ దిగాలో ఇంటి దగ్గరే రాసుకుని బయల్దేరాలి.

ఖర్చు విషయానికొస్తే, 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాసు ఏడాదికి లేదా 200 దాటింపులకు జాతీయ రహదారుల మీద సొంత కార్లకు పనికొస్తుంది. ఏటా రెండు మూడుసార్లు ఊరికి పోయొచ్చేవాళ్ళు లెక్క వేసుకోవాలి. హైవే మీద బండి ఆగిపోతే పిలవాల్సిన నంబరు 1033. ఏప్రిల్, మే నెలల్లో కోటలు వద్దు, గుహలూ గుళ్ళూ చాలు. సంక్రాంతికి ముందు రెండు రోజులు అసలు ఎక్కడా ఆగొద్దు, టోల్‌గేట్లే సరిపడా ఆపుతాయి. వానాకాలం చివర తుంగభద్రకు వరద ఉందేమో చూసుకోవాలి. 2009 అక్టోబరులో కర్నూలూ అలంపురమూ రెండూ నీట మునిగాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పండగ వారం తప్పించి, ఈ దారికి మంచి రోజులు.

రెండు రోజులు దొరికినవాళ్ళకు లేపాక్షి, బెలుం, కర్నూల్లో నిద్ర, అలంపురం. ఒక్కరోజే ఉంటే పోయేటప్పుడు లేపాక్షి ఒక్కటీ, వచ్చేటప్పుడు అలంపురం ఒక్కటీ. ఒక్క రాత్రి మాత్రమే ఉంటే కారు ఇంట్లో పెట్టి, మర్నాడు వందేభారత్ ఎక్కండి.